బొబ్బల చర్మవ్యాధి పరిశోధనకు ఏ చిట్టెలుక సరిపోతుంది?

ఎపిడెర్మోలిసిస్ బులోసా అనే బొబ్బల జబ్బు కోసం, కొలాజెన్ 7 నాకౌట్ (ఆ ప్రోటీన్ జన్యువును పూర్తిగా తీసేసిన) చిట్టెలుకల మీద ఎనిమిది వారాలు జెల్ పూసి గాయాలు ఎలా మానుతున్నాయో చూస్తాం అని సినాప్సిస్‌లో రాస్తే, ఆ ప్రాజెక్టు అక్కడికే ఆగిపోయినట్టు. ఆ కూనలు పుట్టిన రెండు వారాల్లోపే చనిపోతాయి. నాలుగో వారం నాటికి జెల్ పూయడానికి ఎలుకే ఉండదు. అయినా నల్గొండ, పాలమూరు వైపు నుంచి కొత్తగా పీహెచ్‌డీలో చేరే పిల్లలు ముందుగా రాసుకొచ్చే పేరు అదే. కారణం ఊహించొచ్చు. పేపర్లలో ఎక్కువగా కనిపిస్తుంది, జబ్బు కూడా అందులో అన్నిటికన్నా ఘోరంగా ఉంటుంది. ఘోరంగా ఉంటే మనిషి జబ్బుకు దగ్గరగా ఉన్నట్టే కదా అనిపిస్తుంది.

అలా కాదు. మోడల్‌ను, అంటే మనిషి జబ్బుకు బదులుగా వాడే ఎలుకను, తీవ్రత చూసి కాకుండా, మీరు అడిగే ప్రశ్నకు జవాబు వచ్చేదాకా అది బతుకుతుందా అన్నది చూసి ఎంచుకోవాలి. ఆ తర్వాత చూడాల్సింది, మీ మందు పట్టుకోవాల్సిన ప్రోటీన్ ఆ ఎలుకలో అసలు ఉందా లేదా అని. ఈ రెండూ తేలితే మిగతా ఎంపిక చాలావరకు దానంతట అదే జరిగిపోతుంది.

చర్మం ఎక్కడ విడిపోతుంది

ఎపిడెర్మోలిసిస్ బులోసా అనేది ఒక జబ్బు కాదు, ఒక కుటుంబం. చిన్న రాపిడికే చర్మం మీద పొక్కులు లేస్తాయి, పగులుతాయి, పుండ్లు పడతాయి. పాత ఇంటి గోడకు కొట్టిన సున్నం ఊడటాన్ని గుర్తు తెచ్చుకోండి. ఒక్కోసారి సున్నం పొరే నిలువునా చీలుతుంది, ఒక్కోసారి సున్నానికీ గోడకూ మధ్య పట్టు పోతుంది, ఒక్కోసారి గోడ మట్టితో సహా రాలుతుంది. ఇక్కడా అంతే. పైచర్మంలోని అడుగు కణాలే చీలితే సింప్లెక్స్ రకం. అందులో ఆ కణాలకు బలమిచ్చే కెరటిన్ 5, కెరటిన్ 14 ప్రోటీన్ల జన్యువుల్లో మ్యుటేషన్లు (మార్పులు) ప్రధానం. పైచర్మాన్ని పట్టి ఉంచే ఆధార పొర మధ్యలో చీలితే జంక్షనల్ రకం. దీంట్లో లామినిన్ 332, కొలాజెన్ 17 వంటి ప్రోటీన్లు లోపిస్తాయి. ఆధార పొర కింద, లోచర్మంలోకి కొక్కేల్లా దిగే కొలాజెన్ 7 లోపిస్తే డిస్ట్రోఫిక్ రకం. నాలుగోది కిండ్లర్ రకం. అందులో చీలిక ఒకే మట్టంలో ఉండదు.

వంశపారంపర్యం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మోడల్ ఎంపికలో అది నేరుగా పనికొస్తుంది. సింప్లెక్స్ రకం ఎక్కువగా బహిర్గత లక్షణం, అంటే తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి చెడ్డ ప్రతి వచ్చినా చాలు. జంక్షనల్, కిండ్లర్ రకాలు అంతర్గత లక్షణాలు, అంటే ఇద్దరి నుంచీ చెడ్డ ప్రతి రావాలి. డిస్ట్రోఫిక్ రెండు విధాలా వస్తుంది, కానీ వేళ్లు అతుక్కుపోయి, గొంతు సన్నబడి, చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్ వచ్చే ఘోరమైన రూపం అంతర్గతమే. మేనమామకో మేనత్త కొడుక్కో పిల్లనివ్వడం ఇంకా ఉన్న మన వైపు, ఇద్దరి దగ్గరా అదే చెడ్డ ప్రతి ఉండే అవకాశం పెరుగుతుంది కాబట్టి, అంతర్గత రూపాల మీద పని చేస్తానంటే దానికి స్థానికంగా కూడా అర్థముంది. ఎథిక్స్ కమిటీ "ఈ జబ్బే ఎందుకు" అని అడిగినప్పుడు చెప్పుకోవడానికి ఇది గట్టి జవాబు.

డిస్ట్రోఫిక్ రకం: నాకౌటా, హైపోమార్ఫా

ఎక్కువ మంది వచ్చి ఆగేది ఇక్కడే, అందుకే ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను.

కొలాజెన్ 7 జన్యువును పూర్తిగా తీసేసిన నాకౌట్‌ను 1999లో ఫిలడెల్ఫియాలోని జౌనీ ఉయిట్టో బృందం ప్రచురించింది. కూనలు పుట్టేటప్పటికే రక్తపు బొబ్బలతో ఉంటాయి. నోట్లో కూడా పుండ్లు ఉండటంతో పాలు సరిగా తాగలేవు, రెండు వారాల్లో పోతాయి. మైక్రోస్కోపు కింద చూస్తే మనుషుల్లో కనిపించే చీలికే కనిపిస్తుంది.

ఇంత తక్కువ కాలం బతికే ఎలుక ఎందుకు పనికొస్తుందంటే, ఒకే ఒక్క రకం ప్రశ్నకు: పుట్టిన రోజే ఏదో ఒకటి ఇస్తే ప్రాణం నిలుస్తుందా? 2009లో మిన్నెసోటా బృందం ఈ కూనలకు ఎముక మజ్జ కణాలు ఎక్కించి చూసింది. కొన్ని మాత్రమే బతికాయి, కానీ వాటి చర్మంలో కొలాజెన్ 7 కనిపించింది. అదే ఏడాది మరో బృందం కొలాజెన్ 7 ప్రోటీన్‌నే సూదితో ఇచ్చి కూనల ఆయుష్షు పెంచగలిగింది. ఏ మందూ ఇవ్వని కూన ఏదీ బతకదు కాబట్టి, ఒక్కటి బతికినా అది ఫలితమే. లెక్క ఇంత శుభ్రంగా తేలే మోడల్ ఇంకొకటి లేదు.

ఆ మజ్జ ప్రయోగం తర్వాత ఏం జరిగిందో కూడా తెలుసుకోవాలి. 2010లోనే పిల్లల మీద చేసిన మొదటి ఫలితాలు వచ్చాయి. మజ్జ మార్పిడి జరిగింది ఆరుగురికి. పుండ్లు మానడం మెరుగుపడింది, కానీ మార్పిడి తర్వాత ఒక బిడ్డ ఇన్ఫెక్షన్‌తో, మజ్జ తిరస్కరణతో చనిపోయింది. చిట్టెలుక "పని చేస్తుంది" అని చెప్పగలిగింది. మార్పిడి కోసం ఇచ్చే కీమో మందుల భారాన్ని పుండ్లతో నిండిన బిడ్డ శరీరం ఎంత మోయగలదో చెప్పలేకపోయింది. నాకౌట్ ఫలితం చూసి తల్లిదండ్రులకు ఆశ చూపేవాళ్లు ఈ ముక్క కూడా కలిపి చెప్పాలి.

ఇక హైపోమార్ఫ్, అంటే జన్యువు ఉన్నా ప్రోటీన్ తక్కువగా తయారయ్యే ఎలుక. 2008లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో లీనా బ్రుక్నర్-టూడర్మాన్ బృందం దీన్ని ప్రచురించింది. జన్యువులో ఉంచేసిన నియోమైసిన్ క్యాసెట్ అనే బయటి డీఎన్‌ఏ ముక్క వల్ల స్ప్లైసింగ్ (జన్యు సందేశాన్ని కత్తిరించి అతికే పని) సరిగా జరగదు. ఫలితంగా మామూలు ఎలుకలో ఉండే కొలాజెన్ 7లో సుమారు 10 శాతమే తయారవుతుంది. ఆ పది శాతమే ఎలుకను నిలబెడుతుంది. మెత్తని ఆహారం పెట్టి చూసుకుంటే పెద్దవవుతాయి. పెద్దయ్యే కొద్దీ మనుషుల్లో లాగే పాదాల వేళ్లు అతుక్కుపోయి ముద్దలా తయారవుతాయి. వారాలు, నెలలు గడిస్తేగానీ బయటపడని మచ్చ, బిగుతు, ఫైబ్రోసిస్ (కణజాలం నారలా గట్టిపడటం) ఇందులో చూడొచ్చు.

లోసార్టాన్ కథ దీనికి మంచి ఉదాహరణ. బీపీకి వేసుకునే ఆ మాత్ర మన ఊళ్లలో ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది. 2015లో అదే ఫ్రైబుర్గ్ బృందం హైపోమార్ఫ్ ఎలుకలకు ఇచ్చి చూస్తే, మచ్చను పెంచే టీజీఎఫ్ బీటా సంకేతం తగ్గి, వేళ్లు అతుక్కోవడం నెమ్మదించింది. కొలాజెన్ 7 ఒక్క పిసరు కూడా పెరగలేదు, పెరగాల్సిన పనీ లేదు. మచ్చ ఏర్పడే దారిని అడ్డుకున్నారంతే. దాని మీదే తర్వాత జర్మనీలో పిల్లల్లో ట్రయల్ జరిగింది. రెండు వారాల్లో చనిపోయే నాకౌట్‌లో ఈ ప్రశ్న అడగడానికే వీలుండేది కాదు, ఎందుకంటే మచ్చ పడేంత కాలం ఆ కూనలు బతకవు. (లోసార్టాన్ చదివి ఎవరూ సొంతంగా బిడ్డకు మాత్ర వేయకండి. ఎదిగే పిల్లల్లో బీపీ, కిడ్నీలు, పొటాషియం చూస్తూ డాక్టర్ ఇవ్వాల్సిన మందు అది.)

హైపోమార్ఫ్‌కు రెండు బలహీనతలున్నాయి, వీటిని సినాప్సిస్‌లో మీరే ముందు రాసేస్తే మంచిది. మొదటిది, ఇందులో తక్కువగా తయారయ్యేది మంచి కొలాజెన్ 7, మనిషి మ్యుటేషన్ కాదు. జెంటామైసిన్ లాంటి మందుతో నాన్‌సెన్స్ మ్యుటేషన్‌ను (ప్రోటీన్ తయారీని మధ్యలో ఆపేసే మార్పును) దాటించి ప్రోటీన్ చేయించాలన్న ఆలోచన, అంటే రీడ్‌త్రూ, ఉంటే, దాటించడానికి ఇక్కడ ఆ మ్యుటేషనే లేదు. మ్యుటేషన్ ఉన్న జన్యు ముక్కను వదిలేసి చదివించే ఎక్సాన్ స్కిప్పింగ్‌కీ అదే ఇబ్బంది. రెండోది, ఆ పది శాతం వల్ల ఎలుక రోగనిరోధక వ్యవస్థకు కొలాజెన్ 7 పుట్టినప్పటి నుంచీ పరిచయం. బయటి నుంచి ప్రోటీన్ ఇస్తే "ఇది మనదే" అనుకుని ఊరుకోవచ్చు. అసలేమీ లేని రోగి శరీరం అలా ఊరుకుంటుందన్న హామీ లేదు. యాంటీబాడీలు వస్తాయా అన్నది మీ ప్రశ్నయితే హైపోమార్ఫ్ ఇచ్చే ఊరటను నమ్మకండి.

క్యాన్సర్ గురించి అడిగేవాళ్లు కూడా ఉంటారు. ఘోరమైన డిస్ట్రోఫిక్ రకం ఉన్నవాళ్లను ఎక్కువగా బలితీసుకునేది పొలుసు కణాల చర్మ క్యాన్సరే. హైపోమార్ఫ్‌లో అది దానంతట అదే వస్తుందని కూర్చుంటే డిగ్రీ గడువు అయిపోతుంది. రసాయనం పూసి గడ్డలు పుట్టించే పద్ధతికి వెళ్లాల్సి వస్తుంది. అప్పుడు అది ఎంతవరకు రోగి క్యాన్సర్, ఎంతవరకు రసాయనపు క్యాన్సర్ అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా పెట్టుకోవాలి.

సింప్లెక్స్ రకం: తీసేసిన ఎలుకా, చెడగొట్టిన ఎలుకా

ఈ రంగంలో ఒక ముచ్చటైన సంగతి ఉంది. 1991లో షికాగోలో ఎలేన్ ఫుక్స్ ప్రయోగశాలలో కత్తిరించిన కెరటిన్ 14 జన్యువును చిట్టెలుకలో పెడితే, పుట్టిన కూనల చర్మం సింప్లెక్స్ రోగుల చర్మంలా బొబ్బలెక్కింది. ఆ పోలిక పట్టుకుని రోగుల్లో వెతికితే అదే ఏడాది మనుషుల కెరటిన్ 14లో మ్యుటేషన్లు దొరికాయి. ఎలుక ముందు, మనిషి తర్వాత. మామూలుగా కథ ఇటు నుంచి అటు నడవదు.

తర్వాత పూర్తి నాకౌట్లు వచ్చాయి. కెరటిన్ 14 లేని కూనల్లో ఎక్కువ భాగం రెండు రోజుల్లో పోతాయి, కొద్ది మాత్రం ఎక్కువ కాలం నిలుస్తాయి, ఎందుకంటే కెరటిన్ 15 కొంత ఆదుకుంటుంది. కెరటిన్ 5 లేకపోతే ఆదుకునేవాళ్లెవరూ లేరు, పుట్టిన గంటల్లోనే పోతాయి.

ఇక్కడ ఎంపిక బతికే కాలంతో తేలదు, ప్రోటీన్ ఉందా లేదా అన్నదానితో తేలుతుంది. మనుషుల్లో సింప్లెక్స్ ఎక్కువగా చెడ్డ కెరటిన్ వల్ల వచ్చేది, లేని కెరటిన్ వల్ల కాదు. చెడ్డ ప్రతి మంచిదానితో కలిసి అల్లికను పాడుచేస్తుంది. ఆ చెడ్డ ప్రతిని సైలెన్స్ చేసే (పని చేయకుండా ఆపే) మందు మీదైతే, నాకౌట్‌లో సైలెన్స్ చేయడానికి ఏమీ లేదు. అప్పుడు 2001లో వచ్చిన ఇండ్యూసిబుల్ (కావాలన్నప్పుడు జబ్బును మేల్కొలిపే) మోడల్ వైపు వెళ్లాలి. అందులో మనుషుల్లో ఘోరమైన సింప్లెక్స్‌కు కారణమయ్యే కెరటిన్ 14 మ్యుటేషన్‌నే పెట్టారు. చర్మం మీద దాన్ని మేల్కొలిపే మందు పూసిన చోట మాత్రమే అది మేలుకుంటుంది. మిగతా ఒళ్లంతా మామూలుగా ఉంటుంది కాబట్టి ఎలుక బతుకుతుంది, ఒకే ఎలుకలో జబ్బు చర్మం, మంచి చర్మం పక్కపక్కనే దొరుకుతాయి. ఆ ఎలుకల్లో బొబ్బలు లేచిన చోటికి పక్కనున్న మంచి మూలకణాలు జరిగి వచ్చి పుండును పూడ్చాయి. మంచి కణాలకే పైచేయి అన్న ఆ సంగతి జన్యుచికిత్స చేసేవాళ్లకు పెద్ద ధైర్యం. మీకు మాత్రం ఒక హెచ్చరిక కూడా: కొన్ని వారాలకు పుండు మానితే అది మీ మందు గొప్పతనమా, పక్క కణాల దయా అన్నది కంట్రోల్ గుంపు లేకుండా చెప్పలేరు.

నాకౌట్ పూర్తిగా పనికిరాదని మాత్రం అనను. 2007లో బ్రాకలీలో దొరికే సల్ఫోరాఫేన్‌ను కెరటిన్ 14 లేని ఎలుకలకు ఇచ్చినప్పుడు, కెరటిన్ 16, 17 పెరిగి బొబ్బలు తగ్గాయి. లేని కెరటిన్ బదులు వేరే కెరటిన్‌ను లేపొచ్చా అన్నది ఆ ప్రశ్న. దానికి చెడ్డ ప్రోటీన్ అక్కర్లేదు, కొద్ది రోజుల ఆయుష్షు చాలు. ప్రశ్నకు ఎలుక అతికినట్టు సరిపోయింది.

జంక్షనల్ రకం, దాని పళ్లు, మన నీళ్లు

లామినిన్ 332లో మూడు గొలుసులుంటాయి. ఏ ఒక్కటి పూర్తిగా పోయినా కూనలు కొద్ది రోజులకు మించి బతకవు. బీటా 3 గొలుసు జన్యువులో ఒక జంప్ అయ్యే డీఎన్‌ఏ ముక్క వచ్చి ఇరుక్కోవడం వల్ల తనంతట తానే పుట్టిన మోడల్‌ను 1997లో ప్రచురించారు. ఆల్ఫా 3 నాకౌట్ 1999లో వచ్చింది. రెండూ పుట్టుకనాటి జీవశాస్త్రానికే తప్ప చికిత్సకు చోటివ్వవు.

పెద్దయ్యేదాకా బతికేది అమెరికాలో బార్ హార్బర్‌లోని జాక్సన్ లాబొరేటరీలో బయటపడి, 2010లో ప్రచురితమైన గామా 2 హైపోమార్ఫ్. చెవులు, పాదాలు, తోక మీద మెల్లగా ముదిరే పుండ్లు కనిపిస్తాయి. దీంతో వచ్చే పెద్ద పాఠం జాతి గురించి. అదే మ్యుటేషన్‌ను వేరే జాతి చిట్టెలుకలోకి మారిస్తే జబ్బు తీవ్రత మారిపోతుంది. ఆ తేడాకు కొలాజెన్ 17 జన్యువులోని సహజమైన చిన్న మార్పులు ఒక కారణమని తర్వాత తేలింది. అందుకని కంట్రోల్‌గా ఎక్కడి నుంచో తెప్పించిన నల్ల చిట్టెలుకను పెట్టకండి. ఒకే కాన్పులో పుట్టిన, జబ్బు లేని తోబుట్టువులే కంట్రోల్. ఇది అన్ని మోడళ్లకూ వర్తిస్తుంది గానీ ఇక్కడ తప్పితే పేపరే నిలవదు.

కొలాజెన్ 17 నాకౌట్‌ను 2007లో జపాన్‌లోని హొక్కైడో యూనివర్సిటీ బృందం ప్రచురించింది. బొబ్బలతో పాటు వెంట్రుకలు తెల్లబడి ఊడతాయి. వెంట్రుక మూలంలోని మూలకణాలే రంగు కణాల మూలకణాలను కాపాడతాయని తేలింది ఆ తెల్లబడటాన్ని వెతుక్కుంటూ పోతేనే. ఈ ఎలుకల పళ్ల ఎనామిల్ కూడా సరిగా ఏర్పడదు. జంక్షనల్ రోగుల్లోనూ పళ్ల ఎనామిల్ గుంటలు పడి ఉంటుంది.

నల్గొండ వాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్ ఏమవుతుందో మనకెవరూ చెప్పనక్కర్లేదు, మర్రిగూడ, మునుగోడు వైపు పాతతరం పళ్లు చూస్తే చాలు. చిట్టెలుక ముందు పళ్లు జీవితమంతా పెరుగుతూనే ఉంటాయి, కాబట్టి తాగే నీళ్లలో ఉన్నది పంటిలోకి ఎక్కుతూనే ఉంటుంది. మిషన్ భగీరథ వచ్చాక ఇళ్లకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి సరే, యానిమల్ హౌస్ ట్యాంకులోకి బోరు కలుస్తోందో లేదో మీరే కనుక్కోవాలి. పళ్లు మీ కొలతల్లో ఉంటే నీటి సీసాల్లో ఫ్లోరైడ్ పరీక్ష చేయించి, ఆ అంకెను థీసిస్‌లో రాయండి. లేకపోతే జన్యువు చేసిన గుంట ఏదో, నీళ్లు చేసిన గుంట ఏదో విడదీయలేరు.

కిండ్లర్ రకానికి నాకౌట్ ఉంది, 2008లో వచ్చింది. కానీ ఆ కూనలు పేగు పుండ్లతో పుట్టిన కొద్దిరోజులకే పోతాయి. చర్మం పలచబడుతుంది గానీ బొబ్బలు రావు. బొబ్బల కోసం వెతికేవాళ్లకు ఇది మోడల్ కాదు.

మనిషి చర్మాన్నే ఎలుక మీద పెడితే

రోగనిరోధక శక్తి లేని చిట్టెలుక వీపు మీద రోగి కణాలతో పెంచిన చర్మాన్ని అతికించడం జెనోగ్రాఫ్ట్. రోగి మ్యుటేషన్, మనిషి జన్యువు, మనిషి చర్మపు మందం, అన్నీ ఉంటాయి. పైన హైపోమార్ఫ్‌లో కుదరదన్న రీడ్‌త్రూ, ఎక్సాన్ స్కిప్పింగ్, జీన్ ఎడిటింగ్ ప్రశ్నలకు దారి ఇదే. 2023 మే నెలలో అమెరికాలో అనుమతి పొందిన, పుండు మీద పూసే జన్యుచికిత్స జెల్ బీ-వెక్ మనుషుల దాకా రాకముందు ఎలుక మోడల్‌లోనూ, మనిషి చర్మపు జెనోగ్రాఫ్ట్‌లోనూ పరీక్షకు నిలిచింది. రెండింటినీ ఒకదానికొకటి సాక్ష్యంగా నిలబెట్టారు. డబ్బు, మనుషులు ఉంటే నేనూ ఆ జతనే సిఫారసు చేస్తాను.

ఉండకపోతే ఆలోచించాలి. నిరోధక శక్తి లేని ఎలుకలకు గాలి వడకట్టే పంజరాలు, స్టెరైల్ నీళ్లు, స్టెరైల్ మేత కావాలి. రోగి కణాల కోసం మనుషుల ఎథిక్స్ కమిటీ అనుమతి వేరు, జంతువుల కమిటీ అనుమతి వేరు. ఒళ్లంతా పుండ్లున్న బిడ్డకు మీ థీసిస్ కోసం ఇంకో గాయం చేయాలా అన్నది కమిటీ అడగకముందే మిమ్మల్ని మీరు అడగండి. ఇప్పటికే ఉన్న రోగి కణ వంశాలు వేరే ల్యాబు నుంచి దొరికే పనైతే అదే మంచిది. ఇంకో సంగతి: నిరోధక శక్తి లేని ఎలుకలో ఇమ్యూన్ ప్రతిచర్య గురించి ఏ మాటా చెప్పలేరు.

ఏ మోడల్ తీసుకున్నా ఎలుక చర్మం ఎలుక చర్మమే

చిట్టెలుక పైచర్మం మనదానికన్నా చాలా పలచన. పుట్టిన వారం పది రోజుల్లో వెంట్రుకలు కమ్మేసి వీపును రాపిడి నుంచి కాపాడేస్తాయి. అందుకే పెద్ద ఎలుకల్లో పుండ్లు వీపు మీద కాక పాదాలు, చెవులు, తోక, ముట్టె దగ్గర వెతకాలి. చర్మం కింద పల్చటి కండర పొర ఒకటుంటుంది. గాయమైతే అది అంచులను దగ్గరకు లాగేస్తుంది. మన గాయం ఎక్కువగా కొత్త చర్మం పాకి మానుతుంది. వీపు మీద కోసి "రోజుకింత తగ్గింది" అని గ్రాఫు గీస్తే అది ఎక్కువగా కండరం లాగిన లెక్కే. అంచులు దగ్గరకు రాకుండా గాయం చుట్టూ స్ప్లింట్ (గట్టి చుట్టు) కుట్టడం ఒక దారి, కానీ ఈ ఎలుకల చర్మానికి కుట్టు కూడా ఒక గాయమే. నేనైతే సహజంగా పుండ్లు వచ్చే చోట్లనే కొలుస్తాను.

పేపర్లు వెతికేటప్పుడు ఒక చిక్కు: ఎపిడెర్మోలిసిస్ బులోసా అని వెతికితే, చివర అక్విజిటా అని ఉండే వేరే జబ్బు ఎలుకలు కూడా బోలెడు వస్తాయి. అది వంశపారంపర్యం కాదు, కొలాజెన్ 7 మీద శరీరమే యాంటీబాడీలు తయారుచేసుకునే జబ్బు. మామూలు ఎలుకకు యాంటీబాడీ ఎక్కించి బొబ్బలు తెప్పిస్తారు. చవకగా కనిపించి ఆశ పుడుతుంది గానీ, అది వేరే ప్రశ్న.

ఇక్కడి నుంచి చేయడం

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో సొంతంగా ఈ కాలనీ నడపాలని అనుకోవద్దన్నది నా అభిప్రాయం. సాధారణంగా చిట్టెలుకల గది 20 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలి. మేలో బయట 44 దాటే రోజుల్లో ఒక్క మధ్యాహ్నం ఏసీ ఆగినా సింప్లెక్స్ ప్రయోగం పోయినట్టే, ఎందుకంటే వేడికి పొక్కులు పెరగడం ఆ రకం లక్షణం. మీ మందు గుంపులో పుండ్లు పెరిగినా తగ్గినా అది మందువల్లో ఎండవల్లో తెలియదు. వంద కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్ ఉంది. అక్కడి కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో జన్యుమార్పిడి చిట్టెలుకల పని ఏళ్లుగా నడుస్తోంది. జాతీయ పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్‌లో జంతుశాల ఉంది. అక్కడ కో-గైడ్‌ను వెతుక్కుని, ఎలుకలు అక్కడే ఉంచి, కణజాలం మీద పని ఇక్కడికి తెచ్చుకోవడం తెలివైన పని.

అనుమతులు: 1998 నిబంధనల కింద, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్ఈఏ దగ్గర నమోదు ఉన్న జంతుశాల కావాలి, అక్కడి జంతు ఎథిక్స్ కమిటీకి ఫారం బీ అనే దరఖాస్తు పెట్టాలి. జన్యుమార్పిడి జంతువు కాబట్టి సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి కూడా కావాలి, చాలామంది మరిచిపోయేది దీన్నే. విదేశం నుంచి తెప్పించాలంటే దానికి వేరే అనుమతులు, వేరే టెన్షన్. ఫారంలో "చనిపోయేదాకా గమనిస్తాం" అని రాయకండి. నాకౌట్‌తో ప్రాణం నిలవడం కొలిచేటప్పుడు కూడా, బరువు ఎంత తగ్గితే, పాలు తాగడం ఎప్పుడు మానితే నొప్పిలేకుండా ముగిస్తారో ముందే రాయాలి.

సంఖ్యలు కూడా ముందే వేసుకోండి. చెడ్డ ప్రతి ఒకటి చొప్పున ఉన్న ఆడ, మగ జత కడితే నాలుగింట ఒక కూనకు జబ్బు. పది జబ్బు కూనలు కావాలంటే నలభై పుట్టాలి, అది కాగితం లెక్క. నిజానికి చనిపోయిన కూనలను, ఒక్కోసారి బలహీనమైన వాటిని తల్లి తినేస్తుంది. ఉదయం మీరు లెక్కపెట్టేసరికి జబ్బు కూనలే తగ్గి ఉంటాయి. పుట్టిన రోజే చూడాలి, పాదాల మీద రక్తపు పొక్కులు అప్పుడే కనిపిస్తాయి. జీనోటైపింగ్ (ఏ కూనలో ఏ జన్యు ప్రతి ఉందో చూసే పరీక్ష) కోసం తోక కొస కత్తిరిస్తే, చెవికి బిళ్ల కొడితే అక్కడే చర్మం ఊడుతుంది కాబట్టి వీలైనంత చిన్న నమూనాతో సరిపెట్టుకోండి, బిళ్లలు వద్దు. తోక పట్టి ఎత్తడం అసలే వద్దు. దోసిట్లోకి తీసుకోవాలి, లేదా గొట్టంలోకి ఎక్కించి మార్చాలి. మొక్కజొన్న కంకి పొట్టు బదులు మెత్తని కాగితపు పరుపు, గట్టి గుళికల బదులు నానబెట్టిన మేత పంజరం నేల మీదే పెట్టాలి. జంతుశాల చూసుకునే అన్నకు ఇవన్నీ నేర్పకుండా మీరు శనివారం ఊరికి బస్సెక్కితే సోమవారానికి మీ డేటా ఉండదు.

నన్నడిగితే

ఎంఎస్సీ ప్రాజెక్టయితే ఎలుకే వద్దు. ఏడాదిలో అనుమతే రాదు. రోగి కెరటినోసైట్ (పైచర్మపు) కణ వంశాలు, ప్లేట్‌లో పెంచిన త్రీడీ చర్మం, లేదా మ్యుటేషన్ విశ్లేషణ తీసుకోండి. 2023లో కొత్త మందుల నిబంధనలకు చేసిన సవరణతో జంతువులు లేని పద్ధతులకు మన దేశంలో చట్టపరంగా చోటు దొరికింది, కాబట్టి అది తక్కువ పని అనుకోనక్కర్లేదు. మెడికల్ కాలేజీలో డెర్మటాలజీ పీజీ చేసేవాళ్లు కూడా ఓపీకి వచ్చే కుటుంబాల వంశవృక్షం, మేనరికం, మ్యుటేషన్ జాగ్రత్తగా రాసిపెడితే ఎలుక ఇవ్వలేనిది ఇచ్చినవాళ్లవుతారు.

పీహెచ్‌డీకి, హైదరాబాద్‌లో కో-గైడ్ ఉంటే: మచ్చ, ఫైబ్రోసిస్, నెలల తరబడి ఇచ్చే మందు అయితే కొలాజెన్ 7 హైపోమార్ఫ్. చెడ్డ కెరటిన్‌ను ఆపే పనైతే ఇండ్యూసిబుల్ కెరటిన్ 14. మ్యుటేషన్‌నే సరిచేసే పనైతే జెనోగ్రాఫ్ట్. జంక్షనల్‌లో దీర్ఘకాలపు పనైతే గామా 2 హైపోమార్ఫ్. నాకౌట్ చివరి మాట, అదీ పుట్టిన రోజే ఇచ్చే చికిత్సకు మాత్రమే.

ఎలుకలు పంపే ల్యాబుకు మెయిల్ పెట్టేముందు అడగాల్సినవి రాసి పెట్టుకోండి: ఏ జాతి మీద ఉంది, ఎన్ని తరాలు బ్యాక్‌క్రాస్ చేశారు (అదే జాతితో మళ్లీ మళ్లీ జతకట్టించారు), వాళ్ల దగ్గర జబ్బు ఎలుకలు నిజంగా ఎన్ని వారాలు బతుకుతున్నాయి, ఏ మేత పెడుతున్నారు, జీనోటైపింగ్ ప్రైమర్లు పంపుతారా, బతికున్న ఎలుకల బదులు గడ్డకట్టించిన పిండాలు ఇస్తారా, ఆ మోడల్ మీద వచ్చే ఫలితాలకు ఏమైనా ఒప్పందం పెట్టమంటారా. ఈ జవాబుల్లో "ఎన్ని వారాలు" అన్నదానికి సూటిగా అంకె రాకపోతే ఇంకో ల్యాబుకు రాయండి.